31 రాత్రి వాగ్దానం కార్డు తీయాలా వద్దా? తీర్మానాల సంగతి కూడా చెప్పండి

యూత్_సెక్రటరీ_హైద్ అడిగిన ప్రశ్న:

అందరికీ వందనాలు. కొంచెం పొడవుగా రాస్తున్నా, ఓపిక ఉన్నవాళ్ళు చదవండి.

మాది పెంతెకొస్తు సంఘం. డిసెంబర్ 31 రాత్రి తొమ్మిదిన్నరకి కూడిక మొదలవుతుంది. పాటలు, సాక్ష్యాలు, వాక్యం, పన్నెండయ్యే టైముకి అందరూ మోకాళ్ళ మీద ఉంటారు, తర్వాత కేకు, ఆ తర్వాత పళ్ళెంలో వాగ్దానం కార్డులు వస్తాయి, ఒక్కోదాని మీద ఒక బైబిల్ వచనం, చేతికి వచ్చినదే ఆ ఏడాదికి దేవుడిచ్చిన మాట అనుకుంటాం. కుటుంబానికి ఒకటి, పెళ్ళికాని యూత్‌కి విడిగా ఒకటి. వచ్చిన కార్డుకి ఫ్రేము కట్టించేవాళ్ళున్నారు, ఫ్రిజ్ మీద అంటించేవాళ్ళున్నారు, ఇక వాట్సాప్ డీపీ సంగతి చెప్పక్కర్లేదు.

పోయిన ఏడాది నాకు ద్వితీయోపదేశకాండము 28:13 వచ్చింది, అదే, తలగా నియమిస్తాడు గాని తోకగా నియమించడు అనే మాట. అమ్మ ఇక ప్రమోషన్ ఖాయమని బంధువులందరికీ ఫోన్లు చేసింది. ఏప్రిల్‌లో మా ప్రాజెక్టు మూసేశారు, కొన్నాళ్ళు బెంచి మీద ఉంచి పంపించేశారు. ఇప్పుడు వేరేచోట తక్కువ జీతానికి చేస్తున్నా. పని బాగానే ఉంది, దాని గురించి ఏడవడానికి ఇక్కడికి రాలేదు. కానీ ఆ కార్డు మాత్రం ఇంకా మా హాల్లో గోడ మీదే ఉంది. నాన్న తీసేద్దామంటే అమ్మ "ఇంకా డిసెంబర్ అయిపోలేదుగా" అంటుంది. నవ్వులాటకి కాదు, నిజంగానే అంటుంది.

ఇంకో సంగతి. ఆ రాత్రే యూత్ అంతా తీర్మానాలు కాగితం మీద రాసి, కవర్లో పెట్టి, పాస్టర్ గారి చేతికిస్తాం. బైబిల్ ఏడాదిలో పూర్తి చేయడం, తెల్లవారుజామున లేచి ప్రార్థన, ఫోన్ తగ్గించడం, ఇలాంటివే అందరివీ. సంక్రాంతి సెలవులు అయ్యేసరికి చాలామంది నిర్గమకాండం కూడా దాటరు, లేవీయకాండం దాకా వెళ్ళినవాళ్ళు అక్కడ ఆగిపోతారు. ఈసారి సెక్రటరీగా ఆ కాగితాలు నేనే పంచాలి. నాకే నమ్మకం లేని పనిని ఇంకొకళ్ళతో చేయించడం ఇష్టం లేదు, మానేద్దామంటే వీడి విశ్వాసం చల్లారిపోయింది అంటారు.

మీ సంఘాల్లో ఎలా చేస్తారు? కార్డు తీయడం తప్పా? అందులో రాసింది జరగకపోతే ఎలా అర్థం చేసుకోవాలి? ఒక్క మనవి, "నీ విశ్వాసం చాల్లేదు" అని మాత్రం రాయకండి, అది ఇంట్లో సరిపడా విన్నాను.

బెరయ_చదువరి:

బ్రదర్, ద్వితీయోపదేశకాండం 28 మొత్తం ఒకసారి కూర్చుని చదువు, పది నిమిషాలు పడుతుంది. మొత్తం 68 వచనాలు. అందులో 14 దాకా దీవెనలు, 15 నుంచి చివరిదాకా శాపాలు. ఐగుప్తు పుండ్లు, గజ్జి అని 27వ వచనం ఉంది, అది ఎవరికైనా కార్డులో వచ్చిందా? ప్రింటింగ్ ప్రెస్‌వాళ్ళు ఏ వచనాలు వేయాలో ముందే ఏరేశారు, మనం తీసేది ఆ ఏరిన వాటిలోంచి. పైగా 13వ వచనంలోనే "నీవు విని, అనుసరించి నడుచుకుంటే" అని షరతు ఉంది, కార్డులో చోటు చాలదని అది కోసేస్తారు. అది ఒక జాతితో దేవుడు చేసిన నిబంధన, మన అప్రైజల్ లెటర్ కాదు.

యిర్మీయా 29:11 కూడా ఇంతే, జనవరిలో అన్నిటికన్నా ఎక్కువ తిరిగే వచనం అదే అనుకుంటా. సమాధానకరమైన ఉద్దేశాలు, హానికరమైనవి కావు అని. దాని ముందు వచనంలో ఏముందో చూడు: బబులోనులో డెబ్బై ఏళ్ళు గడిచాకే మిమ్మల్ని దర్శిస్తాను అని ఉంది. అది బబులోనుకి చెరపట్టుకుపోయిన యూదులకి యిర్మీయా రాసిన ఉత్తరం, విన్న పెద్దవాళ్ళలో చాలామంది అక్కడే చనిపోయి ఉంటారు కదా. వాళ్ళకి అందిన ఆజ్ఞ ఏమిటంటే ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పెళ్ళిళ్ళు చేసుకోండి, ఆ ఊరి క్షేమం కోసం ప్రార్థన చేయండి. దాని ముందు అధ్యాయం, 28లో, హనన్యా అనే ప్రవక్త రెండేళ్ళలో అంతా సర్దుకుంటుంది, ఆలయం ఉపకరణాలు కూడా తిరిగొస్తాయి అని జనం అందరి ముందు చెప్పాడు. అబద్ధం చెప్పింది అతనే. మన 31 రాత్రి ప్రసంగాల్లో ఎక్కువ భాగం హనన్యా పక్కనే నిలబడతాయని నాకు అనుమానం. ఎవరికైనా కోపం వస్తే రానివ్వండి.

గుంటూరు_టీచరమ్మ:

బెరయ బాబూ, నువ్వు చెప్పిందాంట్లో నిజం ఉంది గానీ కార్డుని మరీ అంతలా ఆడిపోసుకోకు. మేము లూథరన్లం. మా అత్తగారికి చదువు రాదు. ఏటా ఆ కార్డులో వచ్చిన వచనాన్ని మనవళ్ళ చేత పదేపదే చదివించుకుని కంఠతా పట్టేది, అలా ఆవిడ పోయేనాటికి ఆవిడ దగ్గర ఎన్ని వచనాలు ఉండేవో, పాస్టర్ గారు ప్రసంగంలో మొదలుపెడితే ఈవిడ పూర్తి చేసేది. చదువు రానివాళ్ళ సంఘాల్లో ఆ చిన్న కార్డు చేసిన పని తక్కువేం కాదు.

ఇది మనవాళ్ళు పుట్టించిన పద్ధతి కూడా కాదు. జర్మనీలో హెర్న్‌హుట్ అనే ఊళ్ళో మొరేవియన్ సంఘం ఉంది, జిన్‌జెన్‌డార్ఫ్ అనే జమీందారు తన భూమిలో వాళ్ళకి చోటిచ్చాడు. 1728లో ఆయన ప్రతిరోజూ ఒక వచనం ఇల్లిల్లూ తిరిగి చెప్పే అలవాటు మొదలుపెట్టాడు, 1731 సంవత్సరానికి అది మొదటిసారి పుస్తకంగా అచ్చయింది, ఈరోజుకీ వస్తోంది. ఆ వచనాల్ని చీటీ తీసే ఎంచుతారు. కానీ తేడా చూడండి. అక్కడ చీటీ అందరి తరఫునా ఒక్కసారి తీస్తారు. వచ్చిన వచనం దర్జీకీ అదే, జమీందారుకీ అదే, అదీ ఒక్క రోజుకి. నాకు మంచిది వచ్చింది, నీకు ఎలాంటిది వచ్చిందో చూపించు అనే గోలే ఉండదు. మన దగ్గర అది లక్కీ డ్రా అయిపోయింది, మా వీధిలో ఒకావిడ మొదటి కార్డు నచ్చక ఇంకోటి తీసుకోవడం నేను కళ్ళారా చూశాను.

అందుకని నా మాట, కార్డులు మానొద్దు, సంఘమంతటికీ ఒకటే తీయండి. ఆ వచనం ఉన్న అధ్యాయం మొత్తం అక్కడే పైకి చదివించండి, షరతులతో సహా. ఇంకోటి, జనవరి మొదటి జీతం మొత్తం ప్రథమ ఫలంగా ఇస్తేనే వాగ్దానం నెరవేరుతుందని కవర్లు పంచే చోట్ల జాగ్రత్తగా ఉండండి. కానుక ఇవ్వడం వేరు, కార్డుకి రేటు కట్టడం వేరు.

సీయోను_కుమార్తె:

ప్రైజ్ ది లార్డ్. ఇక్కడ అందరూ చదువుకున్నవాళ్ళలా మాట్లాడుతున్నారు. మాకు పెళ్ళయి చాలా ఏళ్ళు పిల్లలు లేరు, కార్డులో కీర్తన 113:9 వచ్చింది, పిల్లలు లేని స్త్రీని పిల్లల తల్లిగా చేస్తాడు అనే వచనం, ఆ ఏడాదే పాప పుట్టింది. దేవుడు కార్డుతో మాట్లాడడు అని మీరెలా చెప్పగలరు? వాక్యాన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

యూత్_సెక్రటరీ_హైద్:

సిస్టర్, మీ పాప విషయం చాలా సంతోషం, నిజంగా. తేలిగ్గా తీసుకుని అడగలేదు. మా పెద్దమ్మ కూతురికి కూడా సరిగ్గా అదే వచనం వచ్చింది. అక్కావాళ్ళు ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నారు, ఈలోగా సంఘంలో కొందరు అక్కనే నిలదీయడం మొదలుపెట్టారు, ఏదో దాచిన పాపం ఉందేమో చూసుకో అని. మీ సాక్ష్యం నిజమే, అక్క కన్నీళ్ళూ నిజమే, ఒకే వచనం ఇద్దరికీ వచ్చినప్పుడు ఏం చెప్పాలో తెలియకే ఇక్కడికొచ్చాను.

ఒంగోలు_బాప్తిస్టు:

తమ్ముడూ, దీనికి నా దగ్గర వాదన లేదు, మా ఊరి చరిత్ర ఒకటుంది, అది కూడా కొత్త సంవత్సరం ప్రార్థనే. మా సండే స్కూల్ పిల్లలందరికీ తెలుసు గానీ బయట తక్కువమంది విని ఉంటారు.

అమెరికన్ బాప్తిస్టులు 1840లో నెల్లూరులో పని మొదలుపెట్టారు. పదేళ్ళు దాటినా చెప్పుకోడానికి ఫలితం లేదు. డబ్బు దండగ, ఈ తెలుగు మిషన్ మూసేద్దామా అని అక్కడ అమెరికాలో చర్చ నడిచింది, 1853లో మళ్ళీ అదే చర్చ. సరిగ్గా ఆ రోజుల్లో నెల్లూరు నుంచి లైమన్ జ్యూయెట్ అనే మిషనరీ, ఆయన భార్య, వాళ్ళతో కొద్దిమంది తెలుగు విశ్వాసులు ఒంగోలు వచ్చారు. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఊరి కొండెక్కి, ఈ ఊరికి ఒక మనిషిని పంపించు ప్రభువా అని ప్రార్థన చేసి దిగారు. ఆ కొండని ఇప్పటికీ ప్రేయర్ మీటింగ్ హిల్ అంటాం.

మన పద్ధతి ప్రకారం 1854 డిసెంబర్ 31 రాత్రికి సాక్ష్యం రెడీగా ఉండాలి కదా? ఏమీ లేదు. ఆ తర్వాతి ఏడాదీ లేదు, ఆ పైదీ లేదు. 1862లో జ్యూయెట్ ఆరోగ్యం చెడి అమెరికా వెళ్ళారు, అప్పటికి మిషన్ మూసేయాలన్న మాట మళ్ళీ లేచింది. అవసరమైతే ఒక్కణ్ణయినా తిరిగి పోతాను గానీ నెల్లూరు వదలను అని ఆయన పట్టుబట్టారు. ఆ అడిగిన మనిషి, జాన్ క్లౌ అనే మిషనరీ, ఒంగోలు వచ్చి కాపురం పెట్టింది 1866లో. కొండ మీద ప్రార్థన జరిగి అప్పటికి పన్నెండేళ్ళు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఏర్పడింది, అదీ కొత్త సంవత్సరం రోజే, సభ్యులు ఎంతమందో తెలుసా? ఎనిమిది మంది. ఈరోజు ఏ పాస్టర్ గారైనా ఆ అంకె పోస్టర్ మీద వేయించుకుంటారా?

అసలు పని చేసింది తాళ్ళకొండపాడు యర్రగుంట్ల పేరయ్య లాంటి మాదిగ విశ్వాసులు, పల్లె పల్లెకీ తిరిగి తమ బంధువులకి తామే చెప్పుకున్నారు. క్లౌ పేరు వినిపించినంతగా వీళ్ళ పేర్లు వినిపించవు, అది నాకు ఎప్పుడూ గుచ్చుకుంటుంది. తర్వాత 1876 నుంచి 78 దాకా పెద్ద కరువు, ధాత కరువు అంటారు. క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వించే కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశారు. ఆ సమయంలో బాప్తిస్మం ఇమ్మని జనం అడుగుతున్నా, కూలి కోసం వస్తున్నారో విశ్వాసంతో వస్తున్నారో తెలియదని ఆపేశారు. గమనించండి, పాతికేళ్ళుగా ఎదురుచూసిన ఫలితం గుమ్మం ముందు నిలబడితే, ఇప్పుడు కాదు అన్నారు. కరువు సాయం పనులు ముగిశాకే ఒప్పుకున్నారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

కాబట్టి నా ఉద్దేశం ఇది. దేవుడు మాట ఇస్తాడు, దానికి జనవరి నుంచి డిసెంబర్ అనే గడువు పెట్టింది మనం, మన క్యాలెండర్ ప్రెస్. మీ అక్కని నిలదీసేవాళ్ళు 1860లో ఉంటే జ్యూయెట్‌ని కూడా నీలో ఏ పాపం ఉందో చూసుకో అనేవాళ్ళే. లూకా 13లో అంజూరపు చెట్టు ఉంది చూడు, తోటమాలి యజమాని దగ్గర ఇంకో ఏడాది అడుగుతాడు. ఆ ఏడాదిలో కాపు వస్తుందని మాట ఇవ్వడు, చుట్టూ తవ్వి ఎరువు వేస్తానని మాత్రం మాట ఇస్తాడు. తీర్మానం కాగితం పంచాల్సి వస్తే దానిమీద ఫలితాలు రాయించకు. ఎక్కడ తవ్వుతావు, ఏ ఎరువు వేస్తావు, అది రాయించు.

డాలస్_తెలుగు:

ఒంగోలు అన్న రాసింది చదివాక ఇక్కడి సంగతి ఒకటి చెప్పాలనిపించింది. మా తెలుగు సంఘం ఆదివారం మధ్యాహ్నాలు ఒక నల్లజాతివాళ్ళ చర్చిలో అద్దెకి కూడుకుంటుంది. వాళ్ళకి డిసెంబర్ 31 రాత్రి కూడిక అంటే 1862. మర్నాడు జనవరి 1న లింకన్ విమోచన ప్రకటన అమల్లోకి వస్తుందని ఆ రాత్రంతా మేలుకుని ప్రార్థన చేశారు. తెల్లారింది, ప్రకటన వచ్చింది, కానీ మా టెక్సస్‌లో బానిసలకి ఆ కబురు సైన్యం చేత అందింది 1865 జూన్ 19న. రెండున్నరేళ్ళు. స్వేచ్ఛ అని కాగితం మీద ఉండి, పత్తి చేలో మాత్రం పాత బతుకే. వాళ్ళ పెద్దలు ఇది ఏడుస్తూ చెప్పరు, చప్పట్లు కొడుతూ చెబుతారు, నాకు మొదట్లో అర్థమయ్యేది కాదు.

నిసాను_మొదటిది:

అసలు జనవరి 1 బైబిల్‌లో ఎక్కడుంది? నిర్గమకాండం 12:2 ప్రకారం సంవత్సరానికి మొదటి నెల ఆబీబు. ఇదంతా రోమా వాళ్ళ పండుగ. వాచ్‌నైట్ అని చేసే ఈ 31 రాత్రి కూడిక కూడా వాక్యంలో లేదు. మానేస్తే సరిపోతుంది.

గుంటూరు_టీచరమ్మ:

నాయనా, జీతం మాత్రం జనవరి 31కే తీసుకుంటావుగా. లెక్క చూసుకోడానికి ఏదో ఒక రోజు కావాలి, "మా దినములు లెక్కించుటకు మాకు నేర్పుము" అని మోషే అడిగాడు, ఏ క్యాలెండర్ ప్రకారం అని అడగలేదు.

మెదక్_వెస్లీ:

నాకు తెలిసినంతలో యూత్ సెక్రటరీ గారి రెండో ప్రశ్నకి ఇంకా ఎవరూ సరిగ్గా జవాబు చెప్పలేదు, కాగితాల సంగతి. మాది సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), అంతకుముందు వెస్లియన్ మెథడిస్టులు. ఆ పాత మెథడిస్టుల నుంచి మాకు వచ్చినవి రెండు, వాచ్‌నైట్ ఒకటి, కొత్త సంవత్సరం మొదటి ఆదివారం చేసే నిబంధన ఆరాధన ఒకటి. వాచ్‌నైట్ మీ అందరికీ పాకింది, రెండోది మాత్రం మా దగ్గరే ఉండిపోయింది, మా దగ్గర కూడా కొన్ని చోట్ల నామమాత్రంగా చేస్తున్నారు.

వాచ్‌నైట్ కథ ముచ్చటగా ఉంటుంది. ఇంగ్లండ్‌లో బ్రిస్టల్ పక్కన కింగ్స్‌వుడ్ అనే బొగ్గుగనుల ప్రాంతం. అక్కడి కూలీలు విశ్వాసంలోకి రాకముందు రాత్రుళ్ళు సారాకొట్లో గడిపేవాళ్ళు, వచ్చాక అదే రాత్రిని ప్రార్థనలో గడపడం మొదలుపెట్టారు. మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ అది చూసి ఆపకపోగా పద్ధతిగా పెట్టించాడు. మొదట్లో అది ఏడాదికోసారి కూడా కాదు, నెలకోసారి, పౌర్ణమికి దగ్గర్లో వచ్చే శుక్రవారం, ఎందుకంటే అర్ధరాత్రి దాటాక ఇంటికి నడిచిపోవడానికి వెన్నెల ఉండాలి.

నిబంధన ఆరాధన వెస్లీ 1755 ఆగస్టు 11న లండన్‌లో స్పిటల్‌ఫీల్డ్స్ దగ్గర ఒక ఫ్రెంచి చర్చిలో మొదలుపెట్టాడు, సుమారు 1,800 మంది లేచి నిలబడి ఒప్పుకున్నారు. తర్వాత అది కొత్త సంవత్సరానికి అలవాటయింది. అందులో ప్రార్థన మన తీర్మానాలకి పూర్తిగా ఎదురు. నేను ఇది చేస్తాను, అది మానేస్తాను అని ఉండదు. నేను ఇక నావాడిని కాదు, నీవాడిని అని మొదలవుతుంది. నీకిష్టమైన పనిలో పెట్టు, బాధలో పెట్టు, వాడుకున్నా సరే, పక్కన పెట్టినా సరే, నిండుగా ఉంచినా ఖాళీగా ఉంచినా సరే అని సాగుతుంది. తమ్ముడూ, నిన్ను ఏప్రిల్‌లో పక్కన పెట్టారు కదా, ఆ మాట ఈ ప్రార్థనలో ముందే ఉంది. తల, తోక కార్డు పట్టుకుని ఆ ఏడాదిలోకి వెళ్ళడం వేరు, ఈ మాటలు చెప్పి వెళ్ళడం వేరు. ఉద్యోగం ఎలాగూ పోయేదే, కానీ మీ అమ్మగారికి అది దేవుడు మాట తప్పినట్టు కనిపించేది కాదు.

కవర్లో పెట్టి పాస్టర్ గారికి ఇచ్చే కాగితాలంటే నాకు భయం. ప్రసంగి 5:5 చూడండి, మొక్కుకుని చెల్లించకపోవడం కంటే అసలు మొక్కుకోకపోవడమే మేలు అంటుంది. పదహారేళ్ళ పిల్లల చేత అర్ధరాత్రి, మైకు హోరులో, పక్కవాళ్ళు ఏడుస్తుంటే రాయించే మొక్కుబడి ఫిబ్రవరికి ఏమవుతుంది? నేను తప్పిపోయాను అనే భావం ఒక్కటే మిగులుతుంది, తర్వాతి ఏడాది చర్చికి రావడానికి కూడా మొహం చెల్లదు. అలా దూరమైనవాళ్ళు మా యూత్‌లోనే ఉన్నారు.

నైట్‌డ్యూటీ_నర్స్:

కువైట్ నుంచి రాస్తున్నాను. ఇక్కడ మా కూడిక శుక్రవారం, అదీ డ్యూటీ లేకపోతే. 31 రాత్రి నేను చాలాసార్లు వార్డులోనే ఉంటాను, పన్నెండింటికి ఎవరి సెలైన్ అయిపోతోందో చూసుకుంటూ. అందుకని ఆ ఒక్క రాత్రి ఊపు మీద ఆధారపడే పద్ధతి నాకు కుదరదు.

బైబిల్ చదవడం గురించి మాత్రం చెప్పగలను. మొత్తం 1,189 అధ్యాయాలు, ఏడాదికి సర్దితే రోజుకి మూడు, కొన్ని రోజులు నాలుగు. స్కాట్లండ్ పాస్టర్ మెక్‌షేన్ 1842లో తన సంఘానికి రాసిచ్చిన పట్టిక ఇంకా చాలామంది వాడతారు, అందులో రోజుకి నాలుగు, కొత్త నిబంధన, కీర్తనలు రెండేసి సార్లు వస్తాయి. మంచి పట్టికే గానీ, ఆయన కూడా ఇది మొక్కుబడి అయిపోతుందేమో, చదివేశాం అన్న తృప్తి మిగులుతుందేమో అని ముందే హెచ్చరించాడు. ఇంతవరకు ఒక్క సువార్త కూడా పూర్తిగా చదవని పిల్లాడికి అది ఇస్తే లేవీయకాండంలో దిగబడిపోతాడు, అందులో వాడి తప్పేముంది.

మా నర్సులం కొందరం ఇలా చేస్తాం. జనవరికి మార్కు సువార్త మాత్రమే, 16 అధ్యాయాలు. ఒకళ్ళు చదివి ఒక్క నిమిషం వాయిస్ మెసేజ్ పెడతారు, అర్థం కానిది ఏంటో కూడా చెప్తారు. అందుకోనివాళ్ళని ఎవరూ అడగరు, తర్వాతి రోజు అధ్యాయంతో కలిసిపోవచ్చు, వెనకటిది పూర్తి చేయాలనే రూల్ లేదు. ఈ రూల్ లేకపోవడం వల్లే నడుస్తోంది. సామెతలు 31 అధ్యాయాలు, తేదీ ప్రకారం రోజుకొకటి కొందరు చదువుతారు, అదీ బావుంటుంది. ఫిబ్రవరికి ఏం చదవాలో జనవరి చివర్లో మాట్లాడుకుంటాం. ఏడాది ప్లాన్ మాకు లేదు. యాకోబు 4లో, ఒక సంవత్సరం ఉండి వ్యాపారం చేసి లాభం సంపాదిద్దాం అనుకునేవాళ్ళకి రేపేమి సంభవిస్తుందో మీకు తెలియదు అని చెప్పాడు కదా. నా పేషెంట్లని చూస్తే ఆ వచనానికి ప్రసంగం అక్కర్లేదు.

ఇంకోటి, మీ అమ్మగారి చేత ఆ కార్డు తీయించొద్దు. ఉంచుకోనివ్వండి. ఆవిడకి ఆ అధ్యాయం మొత్తం ఒకసారి మీరు పక్కన కూర్చుని చదివి వినిపించండి చాలు.

యూత్_సెక్రటరీ_హైద్:

అందరికీ చాలా థాంక్స్. ఆదివారం పాస్టర్ గారితో, ఇద్దరు పెద్దలతో కూర్చున్నాను. టీచరమ్మ గారు చెప్పినట్టు సంఘమంతటికీ ఒకే వచనం అన్నది మా అయ్యగారికి నచ్చింది, కానీ కార్డులు ఆల్రెడీ అచ్చుకి ఇచ్చేశారట, ఈ ఏడాదికి రెండూ ఉంటాయి. వచ్చే ఏడాది చూద్దాం అన్నారు, అంటే ఏమిటో మీకు తెలుసు. కవర్లు మాత్రం ఆపేశాం. యూత్‌ని ముగ్గురు నలుగురుగా చేసి మార్కు సువార్త మొదలుపెడుతున్నాం, నర్సు సిస్టర్ పద్ధతే. అక్క విషయంలో పాస్టర్ గారే ఆ మాటలన్నవాళ్ళతో మాట్లాడతానన్నారు, మాట్లాడారో లేదో ఇంకా తెలియదు. అమ్మ అధ్యాయం అంతా విని, "శాపాలు కూడా ఉన్నాయన్నమాట" అని కాసేపు ఊరుకుని, కార్డు అక్కడే ఉంచింది.

మెదక్ అన్నా, ఆ నిబంధన ప్రార్థన తెలుగులో నాకు పంపగలరా? మోకాళ్ళ మీద ఉన్నప్పుడు యూత్ అంతా కలిసి చెబితే బావుంటుందని ఆలోచన.

మెదక్_వెస్లీ:

మా ఆరాధన పుస్తకంలో ఉంది, ఫొటో తీసి మెసేజ్‌లో పంపిస్తా. కానీ దయచేసి ఆ రాత్రే చేతిలో పెట్టి చెప్పించకు. 1755లో వెస్లీ కూడా అలా చేయలేదు, ముందు వరసగా కొన్ని ఉదయాలు అది ఏమిటో వివరించాడు, శుక్రవారం ఉపవాసం పెట్టాడు, సోమవారం సాయంత్రం గానీ ఒప్పుకోలు అడగలేదు. ఒక వారం ముందే పంచు, ఇంటికి తీసుకెళ్ళి చదువుకోనివ్వు. "ఖాళీగా ఉంచినా సరే" అనే చోట ఆగిపోయేవాళ్ళు ఉంటారు, వాళ్ళని బలవంతం చేయొద్దు, ఆ రోజు ఊరికే కూర్చుని వింటే చాలని ముందే చెప్పు. చిన్నపిల్లలకైతే వద్దు.

ఒంగోలు_బాప్తిస్టు:

మీ యూత్ ఎప్పుడైనా ఇటువైపు ట్రిప్పు వేస్తే చెప్పు తమ్ముడూ, కొండ చూపిస్తా. జనవరి 1న మాత్రం రావొద్దు, జనం ఎక్కువ, పార్కింగ్ దొరకదు.